పగడాల ట్యాంకు ఎల్‌ఈడీ లైటుకు డ్రైవర్ ఎంచుకోవడం ఎలా: గోదావరి జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

భీమవరంలోనో అమలాపురంలోనో ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లి ఎల్‌ఈడీ డ్రైవర్ (గోడ కరెంటును ఎల్‌ఈడీలకు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె) అడిగితే కౌంటర్ అవతల నుంచి వచ్చే మొదటి ప్రశ్న “ఎన్ని వాట్లండీ?” హాల్లో సీలింగ్ లైటుకైతే ఆ ప్రశ్న చాలు. పగడాల ట్యాంకు మీద సొంతంగా లైటు కట్టుకునేవాళ్లకు చాలదు. వాట్లు మన లెక్కలో చివరికి తేలే అంకె. ముందు తెలియాల్సినవి రెండు: ఒక్కో ఎల్‌ఈడీ వరసలో ఎన్ని మిల్లీయాంపియర్ల కరెంటు పోవాలి, ఆ వరస మొత్తం ఎన్ని వోల్టులు అడుగుతుంది. ఈ రెండూ కాగితం మీద పెట్టుకున్నాకే బండి తీయండి.

మన దగ్గర దీనికి ఇంకో లెక్క తోడవుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే సలహాలు చాలావరకు కరెంటు నిలకడగా ఉండే దేశాల వాళ్లు రాసినవి. డెల్టాలో పొద్దుగూకాక చెరువుల మీద ఏరేటర్లు తిరగడం మొదలైతే, లైను చివరి ఇళ్లలో వోల్టేజ్ జారిపోతుంది. గాలిలో తేమ ఎప్పుడూ ఉండేదే. ట్యాంకు ఉప్పునీటిది కాబట్టి ఇంట్లోనే ఒక చిన్న సముద్రతీరం తయారవుతుంది. మంచి డ్రైవర్ అంటే ఇవన్నీ తట్టుకునేది కూడా.

పగడాల గురించి ఒక మాట ముందే చెప్పాలి. రీఫ్, అంటే పగడపు దిబ్బ, కట్టే గట్టి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మన సముద్రం నుంచి తీసినవి కొనడం, ఉంచుకోవడం నేరం. ఎవరైనా చవగ్గా ఇస్తామంటే కాగితాలు అడగండి, లేవంటే వదిలేయండి. కాకినాడ బీచ్ నుంచి నీళ్లు తెచ్చి పోద్దామన్న ఆలోచన కూడా వద్దు. గోదావరి మంచినీళ్లూ ఒండ్రూ కలిసే తీరం అది. పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో ఉండి ఇక్కడ లేకపోవడానికి కారణాల్లో అదొకటి.

1. ముందు ట్యాంకు, తర్వాత ఎల్‌ఈడీలు, ఆ తర్వాతే డ్రైవర్

ఏ పగడాలు పెంచుతారో తేల్చుకోండి. పుట్టగొడుగు పగడాలు, జోయాంథిడ్లు, లెదర్ పగడాల వంటి మెత్తని రకాలకు 50 నుంచి 150 పార్ వెలుగు సరిపోతుంది. కొమ్మల్లా పెరిగే చిన్న పాలిప్ (పగడంలోని ఒక్కో బుల్లి జీవి) గట్టి పగడాలకు 200 నుంచి 400 కావాలి. పార్ అంటే కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుగు కొలత. ఫోన్లో లక్స్ యాప్ పెట్టి దీన్ని కొలవలేం. లక్స్ మన కంటికి కనిపించే వెలుగు లెక్క, నీలాన్ని బాగా తక్కువ చేసి చూపిస్తుంది. పగడం లోపల ఉండే నాచుకు కావాల్సింది ముఖ్యంగా ఆ నీలమే, 400 నుంచి 480 నానోమీటర్ల మధ్య.

ఈ వ్యాసం పొడుగునా ఒకే ఉదాహరణ పట్టుకుందాం. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న ట్యాంకు. దాని మీద 3 వాట్ల రకం ఎల్‌ఈడీలు 24: రాయల్ బ్లూ 12, తెలుపు 8, వయొలెట్ 4. మెత్తని పగడాలకు ఇది ధారాళంగా సరిపోయే అమరిక.

2. కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవరే ఎందుకు

షాపుల్లో దొరికేవి రెండు జాతులు. స్ట్రిప్ లైట్లకు వాడే 12 వోల్టుల అడాప్టర్ లాంటివి కాన్‌స్టంట్ వోల్టేజ్, అంటే వోల్టేజ్ మారనివ్వవు. పవర్ ఎల్‌ఈడీలకు కావాల్సింది కాన్‌స్టంట్ కరెంట్. కాలువలో నీటిమట్టం పెరిగినా తగ్గినా చేలోకి ఒకే ధార వచ్చేలా ఎవరైనా తూము దగ్గరే కూర్చుని తలుపు సర్దుతుంటే ఎలా ఉంటుందో, ఈ డ్రైవర్ పని అలా ఉంటుంది.

ఎల్‌ఈడీ వేడెక్కే కొద్దీ అది అడిగే వోల్టేజ్ తగ్గుతుంది. వోల్టేజ్ కట్టేసి ఉంటే కరెంటు పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది, చివరికి మాడిపోతుంది. మే నెలలో మన ఇళ్లలో ఫ్యాను కింద కూడా హీట్‌సింక్ (ఎల్‌ఈడీల వేడిని లాగే లోహపు దిమ్మ) చల్లబడదు కాబట్టి ఇది పుస్తకాల్లో మాత్రమే జరిగే సంగతి కాదు. రెసిస్టర్ పెట్టి సర్దుకుందామనే సలహా చిన్న ఇండికేటర్ బల్బులకు సరే గాని, దీనికి పనికిరాదు.

3. వరస లెక్క

ఇక్కడ తొందర వద్దు. మీ ఎల్‌ఈడీ డేటాషీట్లో ‘ఫార్వర్డ్ వోల్టేజ్’ అని ఉంటుంది, వెలగడానికి ఒక ఎల్‌ఈడీ అడిగే వోల్టులు అవే. నీలం, తెలుపు ఎల్‌ఈడీలకు 700 మిల్లీయాంపియర్ల దగ్గర అది సుమారు 3.0 నుంచి 3.4 వోల్టులు. వయొలెట్‌కు కాస్త ఎక్కువ, ఎరుపుకు 2 వోల్టుల పైచిలుకు. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపితే వోల్టులు కూడుతాయి, కరెంటు మాత్రం అందరికీ ఒక్కటే.

మన ఉదాహరణలో:

- నీలం: 12 × 3.2 = 38.4 వోల్టులు. 700 మిల్లీయాంపియర్ల దగ్గర 26.9 వాట్లు.
- తెలుపు: 8 × 3.1 = 24.8 వోల్టులు. 700 దగ్గర 17.4 వాట్లు.
- వయొలెట్: 4 × 3.4 = 13.6 వోల్టులు. 500 దగ్గర 6.8 వాట్లు.

మొత్తం 51 వాట్లు. చూశారుగా, వాట్లు ఇప్పుడు వచ్చాయి.

ఒక్కో రంగుకు ఒక్కో వరస, ఒక్కో వరసకు ఒక్కో డ్రైవర్. రెండు వరసల్ని పారలల్‌గా, అంటే పక్కపక్కన, కలిపి ఒక 1400 మిల్లీయాంపియర్ల డ్రైవర్‌కు తగిలిస్తే డ్రైవర్ ఖర్చు మిగులుతుందని చాలామంది చెబుతారు. మిగులుతుంది, కొన్నాళ్లు. రెండు వరసలు ఎప్పుడూ సరిసమానంగా ఉండవు. ఏ వరస వేడెక్కితే అది ఎక్కువ కరెంటు లాక్కుంటుంది. అందులో ఒక ఎల్‌ఈడీ పోయి వరస తెగిందంటే మొత్తం 1400 రెండో వరస మీద పడుతుంది. డ్రైవర్ మీద మిగిల్చిన డబ్బు ఎల్‌ఈడీలకు పోతుంది.

కరెంటు ఎంత పెట్టాలన్నది మీ చేతిలో ఉన్న విషయం. ఎల్‌ఈడీ గరిష్ఠం 700 అయితే నేను 500 దగ్గరే నడపమంటాను. తక్కువ కరెంటు దగ్గర ఎల్‌ఈడీ వాటుకు ఎక్కువ వెలుగిస్తుంది, హీట్‌సింక్ మీద భారం తగ్గుతుంది. కావాలంటే నాలుగు ఎల్‌ఈడీలు ఎక్కువ పెట్టుకోండి. మన ఎండాకాలానికి అదే లాభం.

4. రెండు దారులు

మొదటి దారి: గోడ కరెంటును ముందు ఒక ఎస్‌ఎంపీఎస్‌తో (ఏసీని డీసీగా మార్చే పవర్ సప్లై) 48 వోల్టుల డీసీగా మార్చి, అక్కడి నుంచి ఒక్కో వరసకు ఒక చిన్న డీసీ డ్రైవర్ పెట్టడం. ఈ చిన్న డ్రైవర్లలో ఎక్కువమంది వాడేది మీన్‌వెల్ కంపెనీ ఎల్‌డీడీ-హెచ్ శ్రేణి. అగ్గిపెట్టె కంటే చిన్నది. ఎల్‌డీడీ-500హెచ్ అంటే 500 మిల్లీయాంపియర్లు, 700హెచ్ అంటే 700. లోపలికి 9 నుంచి 56 వోల్టుల డీసీ, బయటికి 2 నుంచి 52. ఇది వోల్టేజ్ తగ్గించే రకం, పెంచలేదు. లోపలి వోల్టేజ్ వరస అడిగేదానికంటే కనీసం 4 వోల్టులు ఎక్కువ ఉండాలి. 48 ఇస్తే 44 వరకు వాడుకోవచ్చన్నమాట. మన నీలం వరస 38.4 దర్జాగా సరిపోతుంది. 14 ఎల్‌ఈడీలు పెడదామంటే కుదరదు. 13 కూడా అంచు మీద ఉంటుంది, చలికాలం పొద్దున ఎల్‌ఈడీ చల్లగా ఉన్నప్పుడు వోల్టేజ్ ఎక్కువ అడుగుతుంది.

ఎస్‌ఎంపీఎస్ సైజు: 51 వాట్లను డ్రైవర్ల నష్టం కలిపితే 55 అవుతుంది. దానికి ఐదో వంతైనా వెసులుబాటు ఉండాలి, అంటే 70 వాట్ల దాకా. మీన్‌వెల్ ఎల్‌ఆర్‌ఎస్-75-48 గణితం ప్రకారం చాలు. నేనైతే ఎల్‌ఆర్‌ఎస్-100-48 తీసుకుంటాను. అది 2.3 యాంపియర్లు ఇస్తుంది, మనం వాడేది అందులో సగం. సగం భారంతో నడిచే సప్లై చల్లగా ఉంటుంది, లోపలి కెపాసిటర్లు ఎక్కువ కాలం బతుకుతాయి. వాటి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగం అవుతుందని ఎలక్ట్రానిక్స్ మెకానిక్కులందరికీ తెలిసిన లెక్కే.

ఎల్‌డీడీ వైరింగ్‌లో ఒక్క నియమం తప్పకూడదు. లోపలి మైనస్‌నూ బయటి మైనస్‌నూ ఎక్కడా కలపొద్దు. మూడు వరసల మైనస్‌లు కలిపి ఒకే వైరు లాగడం కూడా తప్పే. ఒక్కో వరసకు రెండు వైర్లు విడిగా డ్రైవర్ దాకా రావాలి.

రెండో దారి: గోడ కరెంటు నేరుగా తీసుకుని కాన్‌స్టంట్ కరెంట్ ఇచ్చే డ్రైవర్. వరసలు ఒకటో రెండో ఉన్నప్పుడు ఇదే సులువు. ఇక్కడ లేబుల్ మీద అవుట్‌పుట్ వోల్టేజ్ పరిధిలో రెండు కొసలూ చూడాలి. మీన్‌వెల్ వాళ్లదే ఎల్‌పీసీ-35-700 అనే డ్రైవర్ 9 నుంచి 48 వోల్టుల మధ్య పనిచేస్తుంది. మన నీలం వరసకు, తెలుపు వరసకు ఒక్కొక్కటి పెట్టొచ్చు, కాని దానికి డిమ్మింగ్, అంటే వెలుగు తగ్గించే వీలు, లేదు. హెచ్‌ఎల్‌జీ-60హెచ్-సి700 అయితే 50 నుంచి 100 వోల్టుల మధ్యే పనిచేస్తుంది. 38 వోల్టుల వరస తగిలిస్తే దాని పరిధి కిందికి పోతాం, లైటు మిణుకుమిణుకుమంటుంది లేదా అసలు నిలబడదు. 20 ఎల్‌ఈడీలు సిరీస్‌లో పెడితే 64 వోల్టులై పరిధిలోకి వస్తుంది. కాని ఉప్పునీళ్ల మీద, తడి చేతులతో పనిచేసేచోట 60 వోల్టులు దాటిన డీసీ నాకు ఇష్టం లేదు. డబ్బు కొంచెం ఎక్కువైనా మొదటి దారినే సిఫారసు చేస్తాను.

పేరులేని డ్రైవర్లు కొనేటప్పుడు “30 వాట్లు” అన్న పెద్దక్షరాలు వదిలేసి కింద చిన్నక్షరాల్లో అవుట్‌పుట్ లైను చదవండి. 20-40 వోల్టులు, 900 మిల్లీయాంపియర్లు అని ఉంటే 700 గరిష్ఠమున్న మీ ఎల్‌ఈడీలకు అది పనికిరాదు, వాట్లు ఎంత కలిసినా సరే.

అంతకంటే ముఖ్యం ఐసొలేషన్. చవక డ్రైవర్లలో కొన్నిటికి లోపల ట్రాన్స్‌ఫార్మర్ విభజన ఉండదు, అవుట్‌పుట్ వైరు ముట్టుకుంటే మెయిన్స్ ముట్టుకున్నట్టే. పరీక్షకు డ్రైవర్‌ను ప్లగ్ నుంచి పూర్తిగా తీసి, కాసేపాగి, మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టండి. ఇన్‌పుట్ వైర్లు రెండిటికీ, అవుట్‌పుట్ ప్లస్, మైనస్‌లకూ మధ్య అన్ని జతలూ, కడ్డీలు అటూ ఇటూ మార్చి చూడండి. ఏ జతలోనైనా 0.4, 0.5 అంటూ అంకె నిలబడితే అది నాన్-ఐసొలేటెడ్. ట్యాంకు దరిదాపుల్లోకి రానివ్వొద్దు.

5. మీ ఇంటి వోల్టేజ్ రాసి పెట్టుకోండి

డ్రైవర్ ఆర్డర్ పెట్టే ముందు ఒక వారం పాటు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఏడింటికి, అర్ధరాత్రి ప్లగ్ దగ్గర వోల్టేజ్ చూసి నోట్ చేయండి. రీఫ్ లైటు వెలిగే గంటల్లో మనం చూసుకునే సాయంత్రాలు ఉండేలా పెట్టుకుంటాం. వోల్టేజ్ కుంగేది కూడా అప్పుడే.

ఇక్కడ ఎల్‌ఆర్‌ఎస్ శ్రేణిలో ఒక మెలిక ఉంది. 100 వాట్ల వరకు ఉన్న మోడళ్లు 85 నుంచి 264 వోల్టుల దాకా దేన్నైనా తీసుకుంటాయి. ఎల్‌ఆర్‌ఎస్-200, 350 మోడళ్లకు పక్కన 115/230 అనే చిన్న స్విచ్ ఉంటుంది. 230 మీద పెడితే పని చేసేది 180 నుంచి 264 మధ్య మాత్రమే. లైను 170కి పడితే లైటు ఆరుతుంది, వెలుగుతుంది. ఆ స్విచ్ పొరపాటున 115 వైపు ఉండి 230 ఇస్తే సప్లై పేలిపోతుంది. పెద్ద ట్యాంకు కట్టేవాళ్లు ఒక 350 బదులు రెండు 100లు పెట్టుకోవడం మేలు. ఒకటి పోయినా సగం లైటు మిగులుతుంది. హెచ్‌ఎల్‌జీ శ్రేణి 90 నుంచి 305 వరకు తట్టుకుంటుంది, వోల్టేజ్ మరీ అల్లరి పెట్టే ఊళ్లకు అది మంచిది.

తుపాను గాలికి న్యూట్రల్ తెగితే మాత్రం ఇంట్లోకి 400 దాకా రావచ్చు, ఏ డ్రైవరూ దాన్ని ఓర్చుకోదు. బోర్డులో ఓవర్ వోల్టేజ్ కట్-ఆఫ్ పెట్టించుకోవడమే దారి. రొయ్యల చెరువుల దగ్గర స్టార్టర్లు బిగించే ఎలక్ట్రీషియన్‌కు ఇది కొత్త కాదు, చెబితే గంటలో బిగిస్తాడు.

లైటును ఇన్వర్టర్ లైను మీద పెట్టకండి. పగడాలు రెండు రోజులు చీకట్లో ఉన్నా ఓర్చుకుంటాయి. నీళ్లు కదలకపోతే ఓర్చుకోవు. బ్యాటరీని పంపులకు ఉంచండి.

6. డిమ్మింగ్

ఎల్‌డీడీకి పీడబ్ల్యూఎం (లైటును కంటికి తెలియనంత వేగంగా ఆర్పి వెలిగించే) సిగ్నల్ ఇవ్వాలి, 100 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య. ఆర్డ్యూనో యూనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు మామూలుగా ఇచ్చే 490 హెర్ట్జ్ సరిగ్గా సరిపోతుంది. ఈఎస్‌పీ32 అనే బోర్డయితే ప్రోగ్రాంలో 500 పెట్టుకోండి. దాని 3.3 వోల్టుల సిగ్నల్ చాలు, 2.5 దాటితే ఎల్‌డీడీ వెలుగుతుంది. కంట్రోలర్ గ్రౌండ్‌ను ఎల్‌డీడీ లోపలి మైనస్‌కు కలపడం మరవొద్దు.

రెండు జాగ్రత్తలు. డిమ్ పిన్ ఖాళీగా ఉంటే ఎల్‌డీడీ పూర్తి వెలుగు ఇస్తుంది. కరెంటు పోయి వచ్చి కంట్రోలర్ మేల్కొనే లోపు, లేదా సిగ్నల్ వైరు ఊడినప్పుడు, అర్ధరాత్రి ట్యాంకు మీద నూరు శాతం లైటు పడుతుంది. డిమ్ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, సిగ్నల్ వైరు తీసి చూసి, లైటు ఆరిందని కళ్లారా నిర్ధారించుకోండి. రెండోది, 1000 మిల్లీయాంపియర్ల డ్రైవర్ కొని సగానికి డిమ్ చేస్తే 500 అవుతుందిలే అనుకోవద్దు. పీడబ్ల్యూఎంలో సగటు సగమవుతుంది గాని, వెలిగిన ప్రతిసారీ ఎల్‌ఈడీలోంచి పూర్తి 1000 పోతుంది.

హెచ్‌ఎల్‌జీలో పేరు చివర ‘బి’ ఉన్న మోడళ్లకు 10 వోల్టుల పద్ధతి డిమ్మింగ్ ఉంటుంది. అవి సుమారు పది శాతం కిందికి నమ్మకంగా తగ్గవు. రాత్రి పూర్తిగా ఆర్పడానికి టైమరో రిలేనో విడిగా పెట్టాలి.

7. ఉప్పు, వేడి, చోటు

డ్రైవర్‌ను ట్యాంకు హుడ్‌లో పెట్టకండి, సంప్ (ట్యాంకు కింద నీళ్లు వడకట్టే తొట్టి) ఉన్న క్యాబినెట్‌లో అసలే వద్దు. అక్కడ మూత తీస్తే ముఖానికి ఆవిరి కొడుతుంది. అలాంటి చోట కొన్ని నెలలున్న సప్లై టెర్మినల్ స్క్రూ విప్పి చూడండి. రాగి పోగుల మీద పచ్చటి చిలుము, దాని చుట్టూ తెల్లటి ఉప్పు పొడి, వైరు పట్టుకు లాగితే చివర పొడిలా రాలుతుంది. స్క్రూ బిగువుగానే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. అక్కడే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది.

పక్క గోడకు, ట్యాంకు నీటిమట్టం కంటే పైన, గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలో బిగించండి. తగరం పూత ఉన్న వైరు వాడండి, 0.75 చదరపు మిల్లీమీటర్లు పుష్కలం. ప్రతి వైరూ డబ్బాలోకి వెళ్లే ముందు కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి. వైరు మీద జారిన నీటిచుక్క ఆ వంపులో నుంచి కింద పడాలి, లోపలికి పోకూడదు.

ఎల్‌ఆర్‌ఎస్ సప్లై ఒంటికి ఎర్త్ తప్పనిసరి. ఎర్త్ లేకపోతే దాని ఇనుప ఒంటికి టెస్టర్ పెడితే వెలుగుతుంది, ముట్టుకుంటే జిల్లుమంటుంది. సప్లై పాడైందని తిరిగిచ్చేవాళ్లున్నారు. లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల వచ్చేది అది, ఎర్త్ కలిపితే పోతుంది. హీట్‌సింక్‌కు కూడా ఎర్త్ ఇవ్వండి. ట్యాంకు ప్లగ్గులన్నీ 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) మీదుగా రావాలి. దీని విషయంలో బేరం లేదు.

8. మొదటిసారి వెలిగించేటప్పుడు

ట్యాంకు మీద కాదు, టేబుల్ మీద. ముందు మల్టీమీటర్ బీప్ మోడ్‌లో ఒక కడ్డీ హీట్‌సింక్‌కు, రెండోది ఒక్కో ఎల్‌ఈడీ టంకానికి. ఎక్కడా కూయకూడదు. కూస్తే సాధారణంగా తప్పు స్టార్ బోర్డు (ఎల్‌ఈడీ అతికి ఉండే చిన్న పలక) స్క్రూదే. దాని తల సోల్డర్ ప్యాడ్‌ను తాకుతుంటుంది, నైలాన్ వాషర్ వేస్తే సరి.

తర్వాత ఒక్కో వరసకు మీటరును డీసీ యాంపియర్ల మీద సిరీస్‌లో పెట్టి, ఎల్‌ఈడీలన్నీ కలిపాకే స్విచ్ వేయండి. డ్రైవర్ ఆన్‌లో ఉండగా ఎల్‌ఈడీ వైరు తీసి పెట్టడం ప్రమాదం. వరస తెగి ఉన్నప్పుడు డ్రైవర్ అవుట్‌పుట్ గరిష్ఠ వోల్టేజ్‌కు ఎక్కి కూర్చుంటుంది. మళ్లీ తగిలించిన క్షణంలో ఆ నిల్వంతా ఎల్‌ఈడీల మీద కుమ్మరిస్తుంది. 700 డ్రైవర్ మీద మీటరు 680 నుంచి 720 మధ్య చూపిస్తే బాగున్నట్టే. వరస చివర్ల మధ్య వోల్టేజ్ కూడా చూసి మీ కాగితం లెక్కతో పోల్చండి. 38 రావాల్సిన చోట 35 వస్తే ఒక ఎల్‌ఈడీ షార్ట్ అయిందని అర్థం.

అలా రెండు గంటలు వెలిగించి ఉంచండి. హీట్‌సింక్ మీద చెయ్యి పెట్టి హాయిగా ఉంచగలిగితే సరే, చటుక్కున తీసేయాల్సి వస్తే ఫ్యానో పెద్ద హీట్‌సింకో కావాలి. రాత్రి ఏడింటికి, వోల్టేజ్ కుంగిన వేళ, ఇంకోసారి అదే పరీక్ష చేయండి.

పగడాల మీద పెట్టాక 25 శాతంతో మొదలుపెట్టి వారానికి 5 శాతం చొప్పున పెంచుతూ పొండి, రోజుకు 8 నుంచి 10 గంటలు. రంగు వెలిసిపోతుంటే వెంటనే పది శాతం తగ్గించి రెండు వారాలు కదపకండి. నెల తిరిగాక టెర్మినల్ స్క్రూలు ఒకసారి బిగించి, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఆ రెండూ నెలనెలా చేయాల్సిన పనులు.